లింఫోమా తిరగబెడితే చికిత్స ఎంత దూరంలో ఉండాలి?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాలుగా వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఇలాంటి ఇంట్లో ఒకరికి లింఫోమా వచ్చి, తగ్గినట్టే తగ్గి తిరగబెడితే వైద్యులు మూలకణ మార్పిడి గురించి చెబుతారు. దాత ఎక్కడ దొరుకుతాడన్నది ఇంటివాళ్ల మొదటి దిగులు. ముంబయికో అహ్మదాబాద్‌కో వెళ్లి ఎన్నాళ్లుండాలన్నది రెండోది.

మొదటి దిగులు చాలామందికి అక్కర్లేదు. లింఫోమాలో ఎక్కువగా చేసేది రోగి సొంత మూలకణాలతో చేసే మార్పిడే. కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇస్తే ఎముక మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వస్తాయి. వాటిని యంత్రంతో వేరుచేసి, గడ్డకట్టించి భద్రపరుస్తారు. తర్వాత అధిక మోతాదు కీమోథెరపీతో మిగిలిన క్యాన్సర్ కణాలను చంపుతారు. ఆ మందు మజ్జను కూడా దెబ్బతీస్తుంది. అందుకే దాచిన కణాలను రక్తం ఎక్కించినట్టే తిరిగి ఎక్కిస్తారు. సుమారు రెండు వారాల్లో కొత్త రక్తకణాలు తయారవడం మొదలవుతుంది.

దీనివల్ల మేలుందని 1995లో వెలువడిన పార్మా అధ్యయనం చూపింది. తిరగబెట్టినా కీమోథెరపీకి లొంగిన ఉద్ధృత లింఫోమా రోగుల్లో, మార్పిడి వర్గంలో అయిదేళ్ల తర్వాత 53 శాతం మంది జీవించి ఉన్నారు. కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో ఇది 32 శాతం. ఇక్కడ ‘లొంగిన’ అన్న మాటే కీలకం. వ్యాధి అదుపులో ఉన్న కొద్దికాలంలోనే మార్పిడి జరగాలి. డబ్బు సర్దుకునేలోగా, పెద్ద నగరంలో పడక దొరికేలోగా ఆ సమయం దాటిపోవచ్చు.

అందుకే సొంత కణాల మార్పిడి సూరత్ వంటి నగరాల ప్రాంతీయ క్యాన్సర్ ఆసుపత్రుల్లోనే అందాలి. అనుభవం లేనిచోట ప్రమాదం కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. వడపోసిన గాలి ఉండే గదులు, రేడియేషన్‌తో శుద్ధిచేసిన రక్తం, ప్లేట్‌లెట్లు, రేయింబవళ్లు కనిపెట్టుకునే నర్సులు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. అయితే దీనికి పరిష్కారం పని విభజన. దాత కణాల మార్పిడిని, కార్-టి చికిత్సను పెద్ద కేంద్రాలు చూసుకోవాలి. సొంత కణాల మార్పిడిలో ప్రాంతీయ ఆసుపత్రులకు అవి శిక్షణనివ్వాలి. ఫలితాలను ఏటా బయటపెట్టాలి.

డబ్బు సంగతీ ఉంది. గుజరాత్‌లో ఆయుష్మాన్ పథకం పరిమితిని 2023లో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆసుపత్రి బిల్లు ఒక్కటే ఖర్చు కాదు. రోగితోపాటు తోడున్నవారి కూలీ పోతుంది. ఇంటికి వచ్చాక కూడా కొన్ని నెలలు అంటురోగాల భయం ఉంటుంది. ఇరుకు గదిలో పదిమంది ఉండే ఇంట్లో ఆ జాగ్రత్త కష్టం. ఆసుపత్రి దగ్గర బస, తోడున్నవారికి భత్యం, జ్వరం వస్తే వెంటనే ఏం చేయాలో రోగి భాషలో చెప్పే మనిషి కూడా చికిత్సలో భాగమే. ఇవి దగ్గర్లో అందితేనే ఆ 53 శాతంలో మగ్గం కార్మికుడికీ చోటుంటుంది.