చిగుళ్ళ నుంచి రక్తమా? వేడి అనుకోకండి!

పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మేస్తే నురుగులో ఎర్రటి చార. “వేడి చేసిందిలే” అనుకుని గ్లాసుడు మజ్జిగ తాగి వంటపనిలో పడిపోతాం. పిల్లాడికి పన్ను నొప్పంటే డాక్టరు దగ్గరికి పరుగెత్తే మనమే, మన చిగుళ్ళ సంగతి ఏళ్ళ తరబడి వాయిదా వేస్తాం. నొప్పి ఉండదు కదా మరి! ఈ జబ్బుతో చిక్కంతా అదే.

పాచి సరిగ్గా పోకపోతే చిగురు వాస్తుంది. పంటికీ చిగురుకీ మధ్య సందు సంచిలా లోతవుతుంది. అక్కడ గాలి ఆడదు. ఆక్సిజన్ పడని క్రిములకు అదే సొంతిల్లు. వీటిని బయటికి తీసి పరీక్షించబోతే గాలి తగిలి చచ్చిపోతాయి. అందుకే చాలాకాలం ఎవరికీ చిక్కలేదు.

1970ల్లో అమెరికాలోని బోస్టన్‌లో, ఫోర్సైత్ దంత పరిశోధన సంస్థలో ఆన్ టానర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఇలాంటి కొత్త క్రిమిని వేరు చేశారు. గాలి లేకుండా పెంచినా అది చుక్కంత కనిపించడానికి వారం, రెండు వారాలు పట్టేది. పక్కన ఫ్యూసోబాక్టీరియం అనే మరో క్రిమి ఉంటే మాత్రం చక్కగా పెరిగేది. మనం పక్కింటి నుంచి కప్పు చక్కెర బదులు తెచ్చుకోమూ? అలాగే తనకు కావలసిన పదార్థం ఒకటి అది పొరుగు క్రిముల దగ్గర తీసుకుంటుందని తరవాత తేలింది. 2002లో ఆ క్రిమికి ఆమె పేరు మీదే ‘టానరెల్లా’ అని పేరు మార్చారు. చిగుళ్ళ జబ్బు ముదిరిన చోట ఇది మరో రెండు క్రిములతో ముఠా కట్టి కనిపిస్తుంది.

ఇదంతా మనకెందుకంటారా? ఆ ముఠా ఉండేది చిగురు లోపల. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయిగానే ఉంటుంది కానీ అంత లోతుకి చేరవు. గార పడితే బ్రష్షుతో పోదు, డాక్టరే తీయాలి. “క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయి” అన్న మాట నమ్మకండి. కదిలించేది జబ్బు, క్లీనింగ్ కాదు. పంటిని పట్టి ఉంచే ఎముక ఒకసారి కరిగిందంటే దానంతటది తిరిగి పెరగదు.

రోజుకు రెండుసార్లు, మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచు వెంబడి తోమండి. గర్భిణులకు చిగుళ్ళు త్వరగా వాస్తాయి, వాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. షుగరు ఉన్నవాళ్ళు అసలు ఆలస్యం చేయకూడదు. షుగరు చిగుళ్ళను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్ళు షుగరును అదుపు తప్పిస్తాయి.

రేపు పొద్దున నురుగులో ఆ ఎర్ర చార కనిపిస్తే మజ్జిగతో సరిపెట్టకండి. ఈ వారంలోనే దంతవైద్యుల దగ్గరికి వెళ్ళండి.