భజనకు రాని తల్లులు

శ్రావణ పూర్ణిమనాడు మా షోలాపురమున మార్కండేయస్వామి రథోత్సవమునకు వీథులు చాలవు. తక్కిన దినములలో మాత్రము భజనకు పదిమంది కూడుట కష్టముగా నున్నదనియు, ముఖ్యముగా స్త్రీలు రాకున్నారనియు, మనవారిలో దైవచింతన సన్నగిల్లినదనియు పెద్దలు కొందరు వాపోవుచున్నారు. వారియెడ మాకు గౌరవము కలదు. వారి తీర్పుతో ఏకీభవింపజాలము.

రాని తల్లులు ఎక్కడ నున్నారు? గడపకడ చేట ఒడిలో నుంచుకొని, తడిపిన తునికాకు కత్తిరించి, పొగాకు నించి, బీడీ చుట్టి దారము కట్టుచున్నారు. కూలి వేయింటికింత యను లెక్కన వచ్చును. దానితోనే బియ్యము, దానితోనే పిల్లవాని పుస్తకములు. మగవాడు మరమగ్గముల మ్రోతలో రాత్రి యంతయు నిలిచి వచ్చి కన్నుమూసి యుండును. ఆ చేటను విడిచి రమ్మనుట ఏ దేవునికి ప్రీతి?

పద్మశాలీలు తమ వంశమునకు మూలపురుషుడని కొలుచు మార్కండేయుడే అరణ్యపర్వమున ధర్మరాజునకు ఒక కథ చెప్పెను. ఎఱ్ఱన దానిని తెనిగించెను. కౌశికుడను తపస్వి చూపుతోనే కొంగను దహించి, ఆ గర్వముతో ఒక యింట భిక్ష కోరెను. ఆ యిల్లాలు ఆకలిగొని వచ్చిన భర్తకు అన్నము పెట్టినగాని బయటికి రాలేదు. కోపించిన మునితో తాను కొంగను కానని చెప్పి, ధర్మము తెలియవలెనన్నచో మిథిలలో మాంసము విక్రయించువాని నడుగుమనెను. ఆ ధర్మవ్యాధుడు మునికి చూపిన దైవములు వృద్ధులైన తన తల్లిదండ్రులు. తన వృత్తి నిర్దోషమని మాత్రము అతడు చెప్పుకొనలేదు. బీడీ మేలు చేయునది కాదని మేమును ఎరుగుదుము. పొగాకు ధూళి చుట్టువారికి సైతము హానియే. బిడ్డలు వేరు పనులలో కుదురుకొనిన సంతోషమే. అంతమాత్రమున ఇల్లు నిలిపిన చేతులకు భక్తి లేదనుట తగునా?

ఇంకొక మాట. పనియే పూజ యని పనిచేయువారు తమలో తాము అనుకొనిన అందముగా నుండును. కూలి ఇచ్చువాడు ఆ మాట అనినచో కొంచెము అనుమానింపవలెను. బాగులేవని గుప్పెడు బీడీలు ప్రక్కకు తీసి, వాని కూలి కోయుటలో ఏ పూజయు లేదు. 1966లో బీడీ కార్మికులకై పార్లమెంటు చట్టము చేయవలసి వచ్చెననిన, వారి శ్రమకు తగిన న్యాయము దానంతట అది జరుగలేదనియే గదా! చుట్టినదానికి నిండుకూలి ముట్టిననాడే ఆ శ్రమను దైవకార్యమని పొగడుటకు మనకు నోరుండును.

సంఘము చేయదగిన పని చిన్నది. వార్షికసభలో శాలువలు చందాదారులకే గాక, నలువది యేండ్లు బీడీలు చుట్టి బిడ్డలను చదివించిన తల్లులకును కప్పవలెను. భజనను వారమునకొక సందున, వారి గడపలకడనే జరుపవలెను. చేతులు పనిలో నున్నను గొంతు ఖాళీగానే యుండును. రామదాసు కీర్తనలు వారికి మనకంటె ఎక్కువే వచ్చును. చిడతలు వాయించుటకు ముసలివారమగు మేము చాలుదుము.