ఆదివారపు కూలి

లోకమును విడిచి ప్రభువును వెంబడింపుడనగానే కొందరు సన్న్యాసమును తలంతురు. మేమట్లు తలంపము. వేరుశనగ పీకు దినములలో ఆదివారపు కూలిని వదలుకొనగలమా? పరీక్షల నెలలో ఆరాధన మాని ప్రైవేటునకు పోవుదుమా? మా నల్లమాడ ప్రాంతమున ఎంపిక యిక్కడనే యున్నది. తలిదండ్రులారా, చదువు వలదనుట మా భావము కాదు; శనివారము కూడ దినమే గదా!

ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవులు దీని వెల నెరిగినవారు. 1866లో యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిన పిమ్మట సంఘము పెరుగగా, అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు వారికి నియమించినవి మూడే: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు స్వల్పములే. కాని జాతరలో డప్పు కొట్టనివానికి, ఆదివారము పిలిచిన పనికి రానివానికి కొన్ని ఊళ్లలో కూలియే కాదు, నీళ్లును కరవయ్యెను. అయినను నిలిచిరి.

పిదప 1876–78 నాటి గొప్ప కరవు. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని దొరగారు గుత్తకు గైకొని వేలమందికి కూలి చూపిరి. వారిలో అనేకులు బాప్తిస్మ మడుగగా ఇయ్యలేదు. అన్నమునకై వచ్చినవారిని విశ్వాసులలో లెక్కించుట ఆయనకు సమ్మతము కాలేదు. ఆయన చేసిన కార్యములన్నిటిలో ఈ నిరాకరణమే మాకు ఘనముగా తోచుచున్నది. మార్కులకై, ఉద్యోగమునకై మాత్రమే మోకరించువారికి ఇది తగులకపోదు.

కరవు సహాయము ముగిసినదని తెలిపిన పిమ్మటను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందినవారు 2,222 మంది.