టికెట్ లేని రంగులరాట్నం
పిల్లల్ని ఒకరోజు ఎటైనా తీసుకెళ్దామంటే న్యూజెర్సీలోని మన కుటుంబాలకు ముందు తట్టేది ఖరీదైన థీమ్ పార్కులే. నేనైతే కారును ఉత్తరంగా, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ వైపు పోనివ్వమంటాను. ఆ ఊళ్ళోనూ, చుట్టుపక్కల జాన్సన్ సిటీ, ఎండికాట్, ఎండ్‌వెల్‌లలోనూ కలిపి ఆరు పాతకాలపు రంగులరాట్నాలున్నాయి. బూట్ల కంపెనీ అధిపతి జార్జ్ ఎఫ్. జాన్సన్ 1919–1934 మధ్య వాటిని అక్కడి పార్కులకు ఇచ్చాడు, ఎక్కేవారి దగ్గర ఎన్నడూ డబ్బు తీసుకోకూడదన్న షరతుతో. ఆ మాట ఇప్పటికీ నిలబడింది. నా మనసును కట్టిపడేసేది అదే. చెక్కిన కొయ్యగుర్రాలను మ్యూజియాల్లోనూ చూడొచ్చు. జేబులో రూపాయి లేని ఇంటి బిడ్డ కూడా దర్జాగా ఎక్కి కూర్చునే గుర్రాలు ఎన్నిచోట్ల దొరుకుతాయి? రిక్రియేషన్ పార్కులోని 1925 నాటి రాట్నం మీద నాలుగేసి బారున 60 గుర్రాలు ఎగిరెగిరి పడుతూ తిరుగుతాయి. ఇవి నడిచేది వేసవిలోనే. ఆరూ ఒక్క పూటలో చుట్టేయాలని పిల్లల్ని ఉరుకులు పెట్టించకండి, రెండు చాలు. ఫోన్లు లోపల పెట్టి మీరూ ఎక్కండి. గుర్రమెక్కలేని అమ్మమ్మను రథంలాంటి బల్లమీద కూర్చోబెట్టండి.