పలకకు ముందు పలుకు

1823వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ దొర తన జిల్లాలోని బడులనుగూర్చి చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డునకు ఒక నివేదిక పంపెను. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో అంతకు ముందటి యేడు అన్ని జిల్లాలనుండి పాఠశాలల లెక్క కోరియుండెను. నేడు కర్నూలు జిల్లాలోనున్న ఆదోని, ఆలూరు ప్రాంతములు నాడు బళ్లారి జిల్లాలోనివే. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడే అవి కర్నూలులో చేరినవి. కావున ఆ నివేదిక మన యూళ్ల చరిత్రయే.

నాడు జిల్లా జనసంఖ్య తొమ్మిదిలక్షల పైచిలుకు, బడులు 533, చదువుకొను పిల్లలు 6,641, అందు బాలికలు 60 మంది మాత్రమే. ఐదవయేట విఘ్నేశ్వరుని యెదుట బియ్యములో వ్రేలితో అక్షరములు దిద్దించుటను, పిమ్మట ఇసుకలో వ్రాయించుటను, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించుటను కాంబెల్ వర్ణించెను. ఈ బోధనపద్ధతిని ఇంగ్లండు అనుకరించుట తగియే యున్నదని మెచ్చుకొనెను. కాని లోపమును దాచలేదు. పిల్లలు వల్లించు పద్యములు వారాడుకొను భాషలో లేవనియు, వాని యర్థము చెప్పగల పంతుళ్లే యరుదనియు, బాలుడు చిలుకవలె పలుకుచున్నాడే గాని గ్రహించుట లేదనియు వ్రాసెను. ఆ నివేదికలోని పొగడ్తను మనము పలుమాఱులు చెప్పుకొంటిమి. అందలి తప్పును చెప్పుకొనుట మాత్రము అరుదు.

రెండువందల యేండ్లు గడచినవి. చిలుక పంజరము మాఱినది గాని చిలుకపలుకు మాఱలేదు. నాడు అర్థము కాని పద్యము. నేడు అర్థము కాని ఇంగ్లీషు పాట. మూడేండ్ల పసివానికి మెడపట్టీ కట్టి, బల్లమీద కదలక కూర్చుండబెట్టి, ఏబీసీడీలను ఏకరువు పెట్టించిననే గాని చదువు చెప్పినట్లు కాదని మన పట్టణములలోని పెద్దలు తలంచుచున్నారు. పల్లెలలోని మోతుబరులును అదియే బాట పట్టి, ఇంటిముందటి అంగన్‌వాడీని దాటి, బిడ్డను బస్సెక్కించి పట్టణమునకు పంపుచున్నారు. ఈ ఆత్రము బిడ్డకు మేలు చేయుచున్నదా యని యడుగక తప్పదు.

పసిబిడ్డ యెట్లు నేర్చుకొనును? ముందు చెవి, పిదప నోరు, దానితోపాటు చేయి, అటుతరువాతనే కన్ను అక్షరమును పట్టును. మాటలోని ధ్వనులను విడదీసి వినగలిగిన బిడ్డకు అక్షరము సులభము. వినలేని బిడ్డకు అది వట్టి గీత. ఆ వినికిడి సంభాషణవలనను, పాటవలనను, కథవలనను వచ్చును గాని వల్లెవేయుటవలన రాదు. వామనగుంటలాడు బిడ్డ పదునాలుగు గుంటలలో చింతపిక్కల నొక్కొక్కటిగా వేయునప్పుడు ఎక్కువ తక్కువలను, ఒకటికొకటి సరిపోల్చుటను నేర్చుకొనుచున్నది. పిక్కను పట్టిన వ్రేళ్లే రేపు బలపమును పట్టును. తన వంతు వచ్చువఱకు ఓర్చుకొనుట యను పాఠమును ఏ పుస్తకమును చెప్పజాలదు. మెదడు పెరుగుదలలో 85 పాళ్లకు మించినది ఆఱేండ్లలోపుననే జరుగునని 2020 నాటి జాతీయ విద్యావిధానము పేర్కొన్నది. అట్టి కాలమును బలవంతపు వల్లింపునకు ధారపోయుట విత్తనమును వేయించి చల్లుటవంటిది.

2011 జనాభా లెక్కలలో అప్పటి అవిభక్త కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతము, స్త్రీలలో సగమునకును చేరలేదు. కడప జిల్లాలో స్త్రీల అక్షరాస్యత 57 శాతము. తల్లికి చదువు రానిచోట బిడ్డకు చదువెట్లు వచ్చునని కొంద ఱందురు. అక్షరము రాని తల్లికి మాట రాదని యర్థము కాదు. ఆమె నోట సామెత గలదు, పాట గలదు, కథ గలదు. అర్థము కాని భాషలో చెప్పు బడి మొదట ఆ తల్లిని తోసివేయుచున్నది; ఇంటనున్న తొలి గురువును బిడ్డయెదుట మూగదానిని చేయుచున్నది.

తెలుగుకొఱకు వాదించు మేము ఇక్కడ మాపైనను ఒక నియమము పెట్టుకొనవలెను. ఆదోని ప్రాంతమున కన్నడము, ఉర్దూ ఇంటిభాషలుగా గల పిల్లలు గలరు; తండాలలో లంబాడీ పలుకు పిల్లలు గలరు. వారికి మొదటినాడు తెలుగుకూడ పరాయిదే. మనబిడ్డకు మాతృభాష కావలెననుట న్యాయమైనచో, ఆ బిడ్డ పలుకును మన్నించుటయు న్యాయమే. ఇంగ్లీషు వలదని మేము చెప్పుట లేదు. ఉద్యోగములకై తల్లిదండ్రులు దానిని కోరుట సహజము. దానిని ఒక భాషగా, తగిన వయస్సున, చక్కగా నేర్పుడు. తొలి మెట్టుగా మాత్రము పెట్టకుడు.

ఇక చట్టమును చూతము. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న ఆరంభమైనది. పౌష్టికాహారము, టీకాలతోపాటు పూర్వప్రాథమిక విద్యయు అందులోని సేవయే. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆఱేండ్లు నిండువఱకు శిశువుల సంరక్షణకును విద్యకును రాజ్యము ప్రయత్నింపవలెనని 45వ అధికరణమున చేర్చినది. కాని ప్రాథమికహక్కుగా ఇచ్చినది ఆఱునుండి పదునాలుగేండ్ల వారికే. 2009 విద్యాహక్కు చట్టపు 11వ సెక్షనులో మూడునుండి ఆఱేండ్ల వారికి ప్రభుత్వము ఏర్పాట్లు ‘చేయవచ్చును’ అని యున్నదే గాని ‘చేయవలెను’ అని లేదు. ఈ యొక్క క్రియాపదములోని తేడాలో లక్షలకొలది పసివారి భాగ్యము చిక్కుకొనియున్నది.

ఈ బరువు మోయువారు అంగన్‌వాడీ కార్యకర్తలు. 2022 ఏప్రిలు 25న సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు గలదని తీర్పు చెప్పుచు, అంగన్‌వాడీలు చట్టబద్ధమైన విధులు నిర్వర్తించుచున్నవని స్పష్టపఱచినది. అయినను మన రాష్ట్రమున వేతనముల పెంపుకొఱకును గ్రాట్యుటీకొఱకును 2023 డిసెంబరు 12నుండి 42 దినములు వీరు సమ్మె చేయవలసివచ్చినది. నాటి ప్రభుత్వము 2024 జనవరిలో వీరిపై అత్యవసర సేవల చట్టమును ప్రయోగించినది. పని ఆగినప్పుడు అత్యవసరమైన సేవ, జీతమడిగినప్పుడు గౌరవవేతనపు స్వచ్ఛందసేవ యగుట యేమి తర్కమో మాకు బోధపడలేదు. పాకలో కూర్చుండి తూకము, వంట, రిజిస్టరు, ఫోనులోని లెక్కలు అన్నియు ఒక్కతె చేయుచుండగా, పిల్లలతో మాటలాడుటకు మిగులు ఘడియ యెక్కడిది?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఇప్సిలాంటి పట్టణమందు 1962లో 123 మంది బీద నీగ్రో పిల్లలతో ఆరంభించిన పెర్రీ పరిశోధనను చూడుడు. వారిలో 58 మందికి శిశుపాఠశాల లభించినది. నలుబదియవయేట పరీక్షించినపుడు, బడి దొరకనివారికంటె వారు ఎక్కువగా ఉద్యోగములలోను, తక్కువగా జైళ్లలోను కనబడిరి. అచ్చట ఐదాఱుగురు పిల్లలకొక ఉపాధ్యాయిని. వారమువారమును తల్లి యింటికి వెళ్లెడిది. ఫలము గోడలవలన రాలేదు, శిక్షణ పొందిన మనిషివలన వచ్చినది. మరియా మాంటిస్సోరీ 1907లో రోమునగరపు సాన్ లొరెంజో పేటలో తన తొలి బాలగృహమును తెఱచినదియు కూలివారి పిల్లలకే. ఆమె 1939లో అడయారునకు వచ్చి మనదేశ ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. కూలిబిడ్డలకొఱకు పుట్టిన ఆ పేరు నేడు మన పట్టణములలో రుసుము చెల్లింపగలవారి బిడ్డలకే పలకల మీద మిగిలినది.

మన సీమలో అన్నిటికంటె పెద్ద ప్రశ్న సుగ్గి. వానలు ముఖము చాటు చేసినయేడు కోసిగి, కౌతాళము, మంత్రాలయము, పెద్దకడబూరు ప్రాంతములనుండి కుటుంబములు మిరపకోతకు గుంటూరు సీమకును, పత్తి తీయుటకు తెలంగాణమునకును తరలిపోవును. బడియీడు పిల్లలకు ఊరిలో తాత్కాలిక వసతిగృహములైనను తెఱతురు. ఆఱేండ్లలోపువారు తల్లి వెంబడి చేనిగట్టునకు పోవుదురు. మాటలు కోటలు కట్టవలసిన నెలలు చెట్టుకొమ్మకు కట్టిన చీర యుయ్యెలలో గడచును. పోషణ్ ట్రాకర్ అను ఫోను లెక్కలో పేరును వేఱొక కేంద్రమునకు మార్చుకొను వసతి గలదు. కాని పేరు మాఱినంతమాత్రమున చేనిగట్టు బడి కాదు.

కావున మేము కోరున దిది. సుగ్గికి బయలుదేఱు కుటుంబములతోపాటు వారి పిల్లల జాబితాయు కదలవలెను. కూలివారు దిగు గ్రామమున ఆ నెలలకు తాత్కాలిక కేంద్రమును, సొంతయూరి కార్యకర్తనే అందుకు పంపు ఏర్పాటును రెండు జిల్లాల అధికారులు కలసి చేయవలెను. కార్యకర్తకు దినమున రెండు గంటలైనను లెక్కల పనినుండి విడుదల నిచ్చి, ఆ గంటలను పిల్లలతో మాటకును ఆటకును కేటాయింపవలెను.

భూస్వాములైన మా పాఠకులకును ఒక విన్నపము. మీ చేనిలో వేరుశనగ పెరుకు తల్లి బిడ్డకు నీడ, నీరు, చూచుకొను ఒక ముసలమ్మ – ఇవి సర్కారు ఉత్తర్వు రానక్కరలేని పనులు. మీ యూరి అంగన్‌వాడీ పాకలో వాన కారుచున్నదో లేదో మీరెఱుగుదురా? మీ బిడ్డ బస్సెక్కి పోవుచున్నంత కాలము ఆ పాకను బాగుచేయుమని యడుగు గొంతుక ఊరిలో ఉండదు. ఒక్క యేడు మీ బిడ్డను అచ్చటికే పంపుడు. ఆ కేంద్రము బాగుపడుటకు అంతకు మించిన ఉత్తర్వు లేదు.