ఒక సర్వర్ గదికి ఒకటే టైము

సర్వర్ గది తాళంచెవి జేబులో వేసుకు తిరిగే సిస్టం అడ్మిన్లకు, ఆ గదికి డబ్బు మంజూరు చేసే ప్రిన్సిపాళ్లకు, బ్యాంకు మేనేజర్లకు, ఆస్పత్రుల యాజమాన్యాలకు, జిల్లా ఆఫీసుల అధికారులకు:

ఈ కాగితం అడిగేది పెద్ద కోరికేం కాదు. మీ దగ్గరున్న ప్రతి హోస్టు మిషన్ గడియారాన్ని భారత ప్రామాణిక కాలానికి కట్టండి. దాని మీద నడిచే ఒక్కో వర్చువల్ మిషన్ టైమును సరిదిద్దే పని ఒక్కదానికే అప్పజెప్పండి. ఇదంతా చూసుకునే మనిషి పేరు ఫైల్లో రాయండి. కొత్త సామాను కొనక్కర్లేదు. చాలాచోట్ల ఒక పూట పని.

"కంప్యూటర్‌కి టైము చెప్పాలా? అదే చూసుకుంటుంది కదా" అంటారు చాలామంది. చూసుకోదు. సర్వర్లో గడియారమంటే ఒక క్వార్ట్జ్ స్ఫటికం. అది పది లక్షలకు 20 వంతులు తప్పితే రోజుకు 1.7 సెకన్ల తేడా వస్తుంది. 50 వంతులు తప్పితే 4.3 సెకన్లు, అంటే నెల తిరిగేసరికి రెండు నిమిషాల పైమాటే. ఏసీ ఆగి గది వేడెక్కితే ఆ తప్పు కూడా మారుతుంది. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి, రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోతే పొద్దున్న ఆ సర్వర్ ఏ సంవత్సరంలో లేస్తుందో చెప్పలేం.

వర్చువల్ మిషన్‌కి ఆ స్ఫటికం కూడా సొంతం కాదు. హోస్టు ప్రాసెసర్ తన వంతు ఇచ్చినంతసేపే దానికి ప్రాణం. పక్క మిషన్‌కి పని తగిలి దీన్ని కాసేపు ఆపితే, ఆగానన్న సంగతే దానికి తెలియదు. వెనకటికి గెస్టు (అంటే వర్చువల్ మిషన్) కెర్నల్ సెకనుకు ఇన్నని టిక్కులు లెక్కపెట్టుకుని టైము కట్టుకునేది. హోస్టు మీద ఒత్తిడి పెరిగితే టిక్కులు పోయేవి, గడియారం వెనకబడేది. కేవీఎంలో కేవీఎం-క్లాక్, హైపర్-వీలో రిఫరెన్స్ టీఎస్‌సీ పేజీ వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. అందుకే "ఆ సమస్య పాతది" అని కొట్టిపారేసేవాళ్లున్నారు. అది సగం నిజం. టిక్కులు పోవడం తగ్గింది గానీ మిషన్‌ని పాజ్ చెయ్యడం, స్నాప్‌షాట్ తియ్యడం, వెనక్కి తిప్పడం, నడుస్తుండగానే ఒక హోస్టు మీంచి ఇంకో హోస్టు మీదికి మార్చడం రోజువారీ పనులయ్యాయి. ఇప్పుడు టైము తప్పేది అక్కడే.

మాకు తెలిసిన ఒక ఆఫీసులో జరిగింది చెప్తాం, పేరెందుకు. గురువారం సాయంత్రం ప్యాచ్‌లు వేసేముందు అప్లికేషన్ మిషన్‌కి మెమరీతో సహా స్నాప్‌షాట్ తీశారు. ప్యాచ్ ఏదో బెడిసికొట్టింది. శుక్రవారం పొద్దున్న ఆఫీసు తెరవకముందే స్నాప్‌షాట్‌కి తిప్పేశారు. మిషన్ లేచింది, స్క్రీన్లన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కరికీ లాగిన్ మాత్రం కావట్లేదు. పాస్‌వర్డ్‌లు మార్చారు. అకౌంట్లు అన్‌లాక్ చేశారు. నెట్‌వర్క్ వాళ్లని తిట్టారు. అసలు సంగతేమిటంటే ఆ మిషన్‌కి ఇంకా గురువారం సాయంత్రమే. కెర్బెరాస్ లాగిన్‌కి రెండు వైపులా గడియారాల తేడా మామూలుగా 5 నిమిషాలు దాటకూడదు. ఇక్కడ 15 గంటలు.

మరి అందులో టైము సరిదిద్దే క్రోనీ సర్వీసు నడవట్లేదా? నడుస్తోంది, మానిటర్లో ఆకుపచ్చ గుర్తు కూడా వెలుగుతోంది. కానీ చాలా లైనక్స్ పంపిణీల్లో వచ్చే క్రోనీ సెట్టింగు 'మేక్‌స్టెప్ 1.0 3'. సర్వీసు మొదలైనప్పుడు తొలి మూడు కొలతల్లో మాత్రమే గడియారాన్ని ఒక్కసారిగా దూకిస్తుంది, ఆ తర్వాత ఎంత తేడా వచ్చినా మెల్లగా జరుపుకుంటూ పోతుంది. మెల్లగా అంటే, ఎంత వేగంగా జరిపినా ఒక సెకను సరిచెయ్యడానికి 12 సెకన్లు పడుతుంది. 15 గంటల తేడా తీరాలంటే ఏడున్నర రోజులు. పాత ఎన్‌టీపీడీ అయితే 1000 సెకన్ల తేడా కనబడగానే చేతులెత్తేసి ఆగిపోతుంది. ఆగిపోయిందని ఎవరికీ చెప్పదు కూడా, మనం కనిపెట్టుకుని ఉంటే తప్ప.

అందుకని పాజ్‌లు, స్నాప్‌షాట్‌లు తగిలే గెస్టుల్లో ఆ వరసని 'మేక్‌స్టెప్ 1 -1' అని మార్చండి. సెకను దాటి తేడా ఎప్పుడొచ్చినా వెంటనే దూకి సరిచేసుకుంటుంది. డేటాబేస్ మిషన్ల విషయంలో మాత్రం తొందరపడొద్దు. టైము వెనక్కి దూకితే రాసిన రికార్డుల వరస తలకిందులవుతుంది. కసాండ్రా లాంటివి ఏది తాజా రాతో టైం స్టాంపు చూసే తేల్చుకుంటాయి. డేటాబేస్ నడుస్తుండగా స్నాప్‌షాట్‌కి తిప్పడం మానెయ్యండి. తప్పనిసరైతే సర్వీసు ఆపి, టైము సరిపోయిందని చూసుకుని, అప్పుడు మొదలుపెట్టండి.

ఇక రెండో జబ్బు, పెత్తనాలు. గెస్టు లోపల క్రోనీ ఒకవైపు టైము దిద్దుతుంటుంది. బయట్నుంచి వీఎంవేర్ టూల్సో, హైపర్-వీ ఇంటిగ్రేషన్ సర్వీసో కూడా దిద్దుతుంటాయి. ఒకటి ముందుకి తోస్తే ఇంకోటి వెనక్కి లాగుతుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన. ఏదో ఒకటి ఉంచండి. మా సలహా: వీఎంవేర్‌లో గెస్టు లోపల నెట్‌వర్క్ ద్వారా టైము తెచ్చుకునే ఎన్‌టీపీని ఉంచి, టూల్స్ చేసే పీరియాడిక్ సింక్‌ని ఆపండి. కేవీఎం మీద అయితే హోస్టు గడియారాన్ని గెస్టు నేరుగా చదువుకునే పీటీపీ పరికరం ఉంటుంది, దాన్ని క్రోనీకి మూలంగా ఇవ్వొచ్చు. అజూర్‌లోనూ ఇదే పద్ధతి. అమెజాన్ క్లౌడ్‌లో 169.254.169.123 అనే లోపలి చిరునామాలో టైము దొరుకుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు.

అయితే ఒక మెలిక ఉంది, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. వీఎంవేర్ టూల్స్‌లో పీరియాడిక్ సింక్ ఆపేసినా, స్నాప్‌షాట్ తీసినప్పుడు, మిషన్‌ని తిరిగి లేపినప్పుడు, వీమోషన్‌తో హోస్టు మారినప్పుడు టూల్స్ ఒకసారి హోస్టు టైమును గెస్టులో పెట్టేస్తాయి. అంటే లోపల ఎంత శ్రద్ధగా క్రోనీ పెట్టుకున్నా, హోస్టు ఏడు నిమిషాలు ముందుంటే ఏదో ఒక రాత్రి బ్యాకప్ టైములో మీ గెస్టు కూడా ఏడు నిమిషాలు ముందుకి దూకుతుంది. రాత్రి రెండింటికి వచ్చి పోయిన ఆ దూకుడుని పొద్దున్నే వెతికి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ముందు హోస్టు, తర్వాతే గెస్టు. హోస్టుని ఇన్‌స్టాల్ చేసి, ఎన్‌టీపీ గడి ఖాళీగా వదిలేసి, బిల్లు పెట్టుకుని వెళ్లిపోయే సప్లయర్లని ఇక ఊరుకోవద్దు.

హోస్టు ఎవర్ని అడగాలి? ఇక్కడ ఇంకో చిక్కు. లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్ని కూడా వర్చువల్ మిషన్‌గా పెట్టి, హోస్టుకి టైము ఆ కంట్రోలర్నే అడగమని చెప్తారు. ఆ కంట్రోలరేమో హైపర్-వీ సర్వీసు ద్వారా హోస్టునే అడుగుతుంటుంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని సరిపోయిందనుకుంటారు. ఇద్దరూ కలిసే రోజుకు నాలుగు సెకన్లు తప్పుతుంటారు. డొమైన్లో మిషన్లన్నీ ఒకేలా తప్పుతాయి కాబట్టి లాగిన్లు బాగానే అవుతాయి, ఎవరికీ అనుమానం రాదు. 30 సెకన్లకోసారి మారే ఓటీపీ యాప్ కోడ్‌లు పనిచెయ్యడం మానేసిన రోజున బయటపడుతుంది. ఈ చుట్టుతిరుగుడు తెంచండి. మీ లోపలి టైం సర్వర్ వర్చువల్ మిషన్ కాకూడదు. పాత డెస్క్‌టాప్ అయినా సరే, రౌటరైనా సరే, విడిగా నిలబడేది కావాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు హోస్టుల కంటే ముందు లేచేదయ్యుండాలి.

ఆ టైం సర్వర్ పైన ఎవరుండాలో ఊహించుకోనక్కర్లేదు, ఆదేశమే ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టంల గడియారాలన్నిటినీ ఎన్‌ఐసీ లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతోనో, వాటితో లంకె ఉన్న సర్వర్లతోనో కలపాలి. పలు దేశాల్లో సిస్టంలున్నవాళ్లు వేరే మూలం వాడుకోవచ్చు, కానీ అది వీటితో తేడా పడకూడదు. లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ ఘటనల్ని 6 గంటల్లో తెలపాలి అన్నవి కూడా అదే కాగితంలో ఉన్నాయి. ఆ రెండింటి గురించి ఆఫీసుల్లో మీటింగులు జరిగాయి. టైము గురించిన పేరా ఎవరూ చదివినట్టు లేదు. సీజియం గడియారాలతో దేశానికి టైము చూసేది ఆ ప్రయోగశాల. దాని ఎన్‌టీపీ సర్వరు అడిగినవాళ్లందరికీ జవాబిస్తుంది. ప్రామాణిక కాలాన్ని లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశం ఆంధ్రప్రదేశ్ మీదుగానే పోతుంది. మన సర్వర్ గదులకి మాత్రం ఆ టైము ఇంకా చేరలేదు!

ఒక్క మూలాన్ని నమ్ముకోవడమూ ప్రమాదమే. 2012 నవంబర్ 19న అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ వారి టైం సర్వర్లు కాసేపు 2000 సంవత్సరం అని చెప్పాయి. వాటినే పట్టుకున్న డొమైన్ కంట్రోలర్లు పన్నెండేళ్లు వెనక్కి వెళ్లి చాలా ఆఫీసుల్లో లాగిన్లు ఆగిపోయాయి. అంతటి చోటే అలా జరిగింది. రెండు మూలాలు పెడితే అవి విభేదించినప్పుడు ఎవరిది తప్పో తేలదు. నాలుగు పెట్టండి, ఒకటి తప్పు చెప్పినా మిగతా మూడూ దాన్ని పక్కన పెట్టేస్తాయి.

"ఫైర్‌వాల్లో బయటికి దారి ఇవ్వం" అని సెక్యూరిటీ వాళ్లంటారు. అన్ని మిషన్లకీ ఇవ్వమని మేమూ అనడం లేదు. మీ లోపలి టైం సర్వర్లకి మాత్రం యూడీపీ 123 పోర్టు, అదీ ఆ నాలుగు చిరునామాలకే తెరవండి. మిగతా మిషన్లన్నీ వాటినే అడుగుతాయి. బయటి నెట్ బొత్తిగా లేని చోట డాబా మీద యాంటెన్నాతో ఉపగ్రహ రిసీవర్ పెట్టుకోవాలి. అక్కడ మాత్రం ఖర్చుంది, దాచనక్కర్లేదు.

"అర నిమిషం తేడాకి ఇంత రాద్ధాంతమా" అనేవాళ్లు అధికారుల్లోనే ఎక్కువ. ఆన్‌లైన్ దరఖాస్తుకి సాయంత్రం 5 గంటలు గడువు అనుకోండి. పేజీ చూపించే మిషన్ ఒక హోస్టు మీద, గడువు తేల్చే డేటాబేస్ ఇంకో హోస్టు మీద, రెండోది 40 సెకన్లు ముందుంది. పిల్లవాడు 4 గంటల 59 నిమిషాల 30 సెకన్లకి బటన్ నొక్కాడు, ఆలస్యమైందని తిరగ్గొట్టింది. వాడు కోర్టుకి వెళితే మీ లాగ్‌లే వాడికి సాక్ష్యం, ఒక లాగ్ అవుననీ ఒక లాగ్ కాదనీ అంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సెక్షన్ 63 ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తే, ఎదుటి లాయరు "ఈ సర్వరు టైము సరైనదని ఎలా చెప్తున్నారు" అని అడుగుతాడు. చూపించడానికి మీ దగ్గర ఒక్క కాగితమైనా ఉందా?

ముందు మీ గదిలో పరిస్థితేమిటో చూడండి. లైనక్స్ హోస్టు మీద 'క్రోనీసీ ట్రాకింగ్' అని కొడితే పదమూడు వరసలొస్తాయి. 'రిఫరెన్స్ ఐడీ' దగ్గర అన్నీ సున్నాలుంటే ఎవరితోనూ టైము కలవట్లేదని అర్థం. 7ఎఫ్7ఎఫ్0101 అని ఉంటే తన గడియారాన్నే తాను నమ్ముకుంటోంది. 'సిస్టం టైమ్' వరసలో తేడా సెకన్లలో కనిపిస్తుంది. సెఫ్ స్టోరేజి వాడేవాళ్లకి 0.05 సెకను దాటితే మానిటర్లు హెచ్చరిక ఇస్తాయి, కాబట్టి అంతకంటే తక్కువుండాలి. విండోస్‌లో 'డబ్ల్యూ32టీఎం /క్వెరీ /స్టేటస్' కొట్టండి. 'సోర్స్' ఎదురుగా 'లోకల్ సీమాస్ క్లాక్' అని కనబడితే దాన్ని పట్టించుకునే దిక్కులేదు. డొమైన్ కంట్రోలర్ మీద 'వీఎం ఐసీ టైమ్ సింక్రనైజేషన్ ప్రొవైడర్' అని కనబడితే ఇందాక చెప్పిన చుట్టుతిరుగుడేమో చూసుకోండి. తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలుంటే గడియారం జోలికి పోకండి. అది జోన్ తప్పు. కేవీఎం మీద విండోస్ గెస్టుకి క్లాక్ ఆఫ్‌సెట్ 'యూటీసీ' అని ఉండిపోయి ఉంటుంది, 'లోకల్‌టైమ్' అని మార్చండి. చేత్తో గడియారం తిప్పితే మళ్లీ రీబూట్‌కి మొదటికొస్తుంది.

లీప్ సెకన్ల గురించి అడుగుతారని ఒక మాట. చివరిది 2016 డిసెంబర్ 31న కలిపారు. 2035 కల్లా ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022లో అంతర్జాతీయ తూనికల కొలతల మహాసభ తీర్మానించింది. అప్పటిదాకా, లీప్ సెకనుని రోజంతా పరిచి కలిపే గూగుల్, అమెజాన్ సర్వర్లనీ, అలా చెయ్యని వాటినీ ఒకే జాబితాలో కలపకండి.

వచ్చే టెండర్లో, ఏఎంసీ ఒప్పందంలో ఈ పేరా ఉన్నదున్నట్టు చేర్చండి, అనుమతి అక్కర్లేదు: "అన్ని హోస్టుల గడియారాలు ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాలంతో లంకె ఉన్న కనీసం నాలుగు మూలాల నుంచి, వర్చువల్ కాని లోపలి టైం సర్వర్ల ద్వారా సరిచేయబడాలి. ప్రతి గెస్టు టైమును దిద్దేది ఏదో ఒకటే అని రాతపూర్వకంగా చూపాలి. తేడా 100 మిల్లీసెకన్లు దాటితే హెచ్చరిక రావాలి. స్నాప్‌షాట్‌కి తిప్పిన ప్రతిసారీ, గెస్టుని వాడకానికి ఇచ్చేముందు టైము చూసి రిజిస్టర్లో సంతకం చేయాలి. నెలకోసారి అన్ని హోస్టుల తేడాల నివేదిక బాధ్యుడి పేరుతో ఇవ్వాలి. ఇవ్వని నెలకు బిల్లు చెల్లించబడదు."