కర్పూరం పై అరలోకి, చుక్కల మూత ప్రతి సీసాకీ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తల్లులకు, దుకాణదారులకు, పురపాలకులకు విన్నపం.

సుగంధం మనకు కొత్త కాదు. పెనుకొండ బాబయ్య ఉరుసులో గంధం సమర్పిస్తాం, బాలింత గదిలో సాంబ్రాణి వేస్తాం, రొంప పడితే నీలగిరి తైలం చేతిగుడ్డ మీద వేసుకుని పీలుస్తాం. ఇప్పుడు కొత్తగా ల్యావెండర్, టీ ట్రీ, నిమ్మగడ్డి తైలాలు చిన్న సీసాల్లో ఇళ్లకు వస్తున్నాయి. వాడుకోండి, మంచి వాసనకు మనసు కుదుటపడుతుంది. షుగరు తగ్గుతుంది, ఆస్తమా పోతుంది అంటూ అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. 2021లో కోవిడ్ ముమ్మరంగా ఉన్నప్పుడు కర్పూరం, లవంగం, వాము మూటగట్టి పీలిస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. అందులో నిజం లేదు.

మా అసలు భయం పసిపిల్లల గురించి. బిడ్డకు జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయడం మన అవ్వల నాటి అలవాటు. ప్రేమతోనే రాస్తారు. కానీ కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది, పసివాళ్లకు ఫిట్స్ తెప్పిస్తుంది. మింగితే నిమిషాల్లోనే ఫిట్స్ మొదలవ్వొచ్చు. ఒక్క గ్రాము చిన్నబిడ్డ ప్రాణానికే ముప్పు. హారతి బిళ్ళ చూడ్డానికి చక్కెర బిళ్ళలాగే ఉంటుంది, చాలా ఇళ్లలో దేవుడి గూడేమో పాకే పిల్లకు అందేంత కిందనే ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం కలిసిన బామ్ కూడా రాయకూడదు.

పెద్దల సంగతీ చూడండి. ధర్మవరంలో రోజంతా గుంటమగ్గంలో కూర్చునేవాళ్లకు రాత్రి నొప్పుల నూనె రుద్దుకోనిదే నిద్ర పట్టదు. ఆ నూనెల్లో చాలావాటికి ఘాటు గంధపుర తైలం వల్ల వస్తుంది, దాన్నే వింటర్‌గ్రీన్ అంటారు. అది ఆస్పిరిన్ జాతి మందు. అచ్చమైన తైలం ఒక టీస్పూను తాగితే 20కి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టే. గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఈ నూనె దండిగా పట్టిస్తే రక్తస్రావం కావచ్చు. డాక్టరు దగ్గరికి మందుల చీటీతో పాటు నూనె సీసా కూడా తీసుకుపోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అచ్చమైన తైలం ఒంటికి పూయకండి. రెండు టీస్పూన్ల కొబ్బరినూనెకో నువ్వులనూనెకో 4 చుక్కలు చాలు. ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒకరోజు చూడండి. స్నానం బకెట్లో వేస్తే నీళ్లలో కరగదు, పైన తేలి ఒంటికి అంటుకుని మండుతుంది. నిమ్మతొక్క తైలం రాసుకుని మన ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కొచ్చు. గదిలో తైలం వాసన వెదజల్లే డిఫ్యూజర్ పెడితే కిటికీ తెరిచి అరగంటతో ఆపండి, పసిబిడ్డ గానీ ఆస్తమా ఉన్నవాళ్లు గానీ పడుకునే గదిలో వద్దు. గర్భిణులు డాక్టర్ని అడిగాకే వాడాలి. ఏ తైలమూ సొంత వైద్యంగా తాగకండి.

ఇక దుకాణదారులకు. పెద్ద డబ్బాలోంచి పాత మందుసీసాల్లోకి వంచి ఇవ్వడం దయచేసి మానండి. దగ్గుమందు సీసా, నీలగిరి సీసా ఒకే అరలో ఒకేలా ఉంటే, కరెంటు పోయిన రాత్రి తల్లి చేతికి ఏది తగులుతుంది? సీసా మీద తైలం పేరు, పరిమాణం, తయారీదారు, గడువు తేదీ, పిల్లలకు అందనీయవద్దన్న మాట తెలుగులో ఉండాలి. చుక్కచుక్కగా తప్ప కారని మూత ఉండాలి. ఆ మూతకయ్యే ఖర్చు కొనే మా దగ్గరే తీసుకోండి, కాదనం.

మూడు ఊళ్ల పురపాలకులు ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు ఈ లేబుల్, మూత షరతు రాయించుకోవాలి. టీకాల రోజున ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు తల్లులకు కర్పూరం సంగతి ఒక్క నిమిషం చెప్పాలి. అందుకు కొత్త పథకమూ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు.

బిడ్డ తైలమో కర్పూరమో మింగితే గొంతులో వేలు పెట్టి కక్కించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. కక్కేటప్పుడు తైలం ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. ఆసుపత్రికి పోయేటప్పుడు సీసా గానీ డబ్బా గానీ వెంట పట్టుకుపోండి.